సంతకానికి వచ్చినవాడు

ఆ గదికి చెడ్డపేరు ఊరికే రాలేదు.

జనన మరణాల ఆఫీసు వెనకవైపు, నడవ చివర, ఎండాకాలంలో కూడా చల్లగా ఉండే గది అది. ఇప్పుడు రికార్డు గది అంటున్నారు. కానీ ఆ భవనం ఒకప్పుడు ఆసుపత్రి. ఆ గది అప్పట్లో శవాల గది. గోడలకి ఎన్నిసార్లు సున్నం కొట్టించినా, గచ్చు మాత్రం అలాగే ఉంది... నీళ్ళు పోవడానికి మధ్యకి వాలుగా. ఎందుకంత వాలుగా కట్టారని ఎవరూ అడగరు. అడిగితే ఎవరో ఒకరు చెప్పేస్తారని భయం.

చీకటి పడితే ఆ గదిలో కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వస్తుందట. మరణ ధ్రువపత్రంలో తప్పులు పడ్డవాళ్ళు వచ్చి ఎవరి కాగితం వాళ్ళు వెతుక్కుంటారట. ఇంటిపేరు తప్పు పడ్డవాడొకడు, తండ్రి పేరు తప్పు పడ్డవాడొకడు... అందరికంటే ముందు వచ్చేది మాత్రం వయసు ఎక్కువ వేశారని కోపం వచ్చిన ఆవిడట.

నేను చూడలేదు. ఆ ఆఫీసు గేటుకి ఎదురుగా నాదొక జిరాక్సు కొట్టు. అక్కడ ఏ కాగితం ఇవ్వాలన్నా నకలు కావాలి, నకలు కావాలంటే నా దగ్గరికి రావాలి. వచ్చినవాళ్ళు నోరుమూసుకుని నిలబడరు కదా. కాబట్టి చూడకపోయినా నాకు తెలియనిది లేదు. కానీ ఇది పరాయివాళ్ళ సంగతి కాదు... మా మేనత్త సంగతి. సగం ఆఫీసు గుమాస్తా నోటినుంచి విన్నాను, సగం అత్తయ్య నోటినుంచి విన్నాను. రెండూ కలిపి చూసుకున్నాకే నాకు నిద్ర పట్టడం మానేసింది.

మా అత్తయ్య బట్టలు కుడుతుంది. మామయ్య బస్సు కండక్టరు. మనిషి బంగారం, కానీ ఒక్కనాడు వేళకి ఇంటికొచ్చిన పాపాన పోలేదు. ఎందుకింత ఆలస్యమంటే, "లాస్టు ట్రిప్పు" అనేవాడు. పెళ్ళికి కూడా లాస్టు ట్రిప్పులోనే దిగాడని అత్తయ్య దెప్పేది. టికెట్లకి చిల్లు పొడిచే పంచ్ ఆయన చేతికి ఆరో వేలు. ఇంట్లో ఏమీ తోచకపోతే దాన్నే ఆడిస్తూ కూర్చునేవాడు. టక్... టక్... ఇంటికొచ్చిన పెళ్ళిపత్రికలకి కూడా కుడివైపు పైమూలన చిల్లు పొడిచేవాడు. "చిల్లు పడిందంటే చెల్లినట్టే. చిల్లు పడ్డ టికెట్టుంటే నిన్ను మధ్యలో దింపే మొనగాడు లేడు" అనేవాడు.

అలాంటి మామయ్య, ఒకనాడు నిద్రలోనే పోయాడు. ఆయన వేళకి ముందే చేసిన పని అదొక్కటే.

అత్తయ్య ఏడుస్తూనే వెళ్ళి మరణం రాయించుకొచ్చింది. సరిగ్గా ఆ రోజే ఆఫీసుకి కొత్త ఫారాలు వచ్చాయి. పాత ఫారంలో చనిపోయినవారి వివరాలు పైన, కబురు చెప్పినవారి వివరాలు కింద ఉండేవి. కొత్తదాంట్లో కింది గళ్ళు పైకి, పైగళ్ళు కిందికి మార్చారు. ఎందుకు మార్చారో అచ్చువేసినవాడికే తెలియాలి. నింపే గుమాస్తాగారి చెయ్యి ఏళ్ళ తరబడి ఒక దారికి అలవాటుపడ్డ చెయ్యి. గుడ్డెద్దు చేలో పడ్డట్టు ఆ చెయ్యి పైన చనిపోయినాయన్ని, కింద బతికున్నావిడని రాసుకుంటూ పోయింది. కింద ముద్ర పడింది.

దాంతో మా అత్తయ్య చనిపోయింది. ఆ కబురు స్వయంగా నడిచొచ్చి చెప్పినవాడు మా మామయ్య.

దుఃఖంలో ఉన్న ఇంట్లో ఆ కాగితం ఎవరు చదువుతారు? మడిచి బీరువాలో పెట్టేశాం. అది బయటపడింది అత్తయ్య కళ్ళవల్ల.

రెండు కళ్ళలోనూ శుక్లాలు. సూదిలో దారం ఎక్కించడానికి పక్కింటివాళ్ళని పిలవాల్సి వచ్చేది. ఒక పెద్దమనిషి చొక్కాకి ఒక చెయ్యి మోచేతిదాకా, ఒక చెయ్యి మణికట్టుదాకా కుట్టింది. ఆయన మంచివాడు కాబట్టి తొడుక్కున్నాడు. ఎడమకన్ను ఆగుతుందిగానీ, కుడికన్నుకి ఇప్పుడు చెయ్యకపోతే ఇక ఎప్పుడూ చెయ్యలేమన్నాడు డాక్టరు. ఆపరేషన్‌కి రోజు కూడా ఇచ్చారు. కుట్టుపని పోతే నా బతుకేమిటే అని నా చెయ్యి పట్టుకుని ఒకటే ఏడుపు.

ఆసుపత్రిలో నర్సు కంప్యూటర్లో పేరు కొట్టింది. కొట్టి, తలెత్తి అత్తయ్య వంక చూసింది. మళ్ళీ కంప్యూటర్ వంక చూసింది.

"అమ్మా... మీరు చనిపోయారు."

"ఎప్పుడు?" అందట అత్తయ్య.

నర్సు తేదీ కూడా చెప్పింది. బతికున్నట్టు కాగితం పట్టుకొస్తే ఇచ్చిన రోజుకే ఆపరేషన్ చేస్తామంది. తేలేకపోతే మళ్ళీ వరస చివర నిలబడాలి. అప్పటిదాకా ఆ కన్ను ఆగదు.

మర్నాడు పొద్దున్నే నేనూ అత్తయ్యా ఆఫీసు కిటికీ దగ్గరికి వెళ్ళాం. లోపల ఉన్నది నిబంధనగారు. అది ఆయన పేరు కాదు, కానీ అసలు పేరు ఆయన భార్యక్కూడా గుర్తుండదనుకుంటాను. "నిబంధన ప్రకారం" అనకుండా మంచినీళ్ళు కూడా తాగడు. ఆఫీసు ముద్ర ఎవరైనా వాడేస్తారని జేబులో పెట్టుకుని ఇంటికి పట్టుకుపోయే మనిషి. ఆ కొత్త ఫారం నింపిన చెయ్యి కూడా ఆయనదే.

"తప్పు పడిందండీ, సరిచెయ్యండి" అన్నాను అర్జీ ముందుపెట్టి.

ఆయన చదివాడు. "నిబంధన ప్రకారం సవరణ అర్జీ మీద, మరణ సమాచారం ఇచ్చిన వ్యక్తి స్వయంగా వచ్చి, నా ఎదురుగా సంతకం పెట్టాలి."

"ఇచ్చింది నేనే నాయనా" అంది అత్తయ్య.

"మీరెలా ఇస్తారమ్మా? మీరు చనిపోయారు. ఇచ్చింది మీ ఆయన."

"ఆయనే కదా పోయింది!"

"రికార్డులో అలా లేదు."

"మరి ఆ ఫారం మీద సంతకం ఎవరిది? నాదే కదా?"

నిబంధనగారు కళ్ళజోడు సవరించుకుని చూశాడు. "అవును. బతికున్నవారు పెట్టాల్సిన చోట చనిపోయినావిడ సంతకం పెట్టారు. ఇది ఇంకో తప్పు. దీనికి వేరే అర్జీ."

నాకు ఒళ్ళు మండిపోయింది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారే, ఇక్కడ దేవుడి దాకా వెళ్ళే దారి కూడా లేదు. నేను గొంతు పెంచబోయాను. అత్తయ్య నా చెయ్యి నొక్కింది.

"ఆయనొచ్చి సంతకం పెడితే సరిచేస్తావా బాబూ?"

"తక్షణం చేస్తాను."

"సరే. రమ్మని చెబుతాను. కాస్త ఆలస్యమవుతుందేమో... ఆయనకది అలవాటే." అని, నడవ చివరికి తడుముకుంటూ వెళ్ళి, రికార్డు గది పక్కనున్న బెంచీ మీద కూర్చుంది.

మొండివాడు రాజుకంటే బలవంతుడు. మొండిది అంతకంటే బలవంతురాలు. ఆ రోజు మొదలు రోజూ అదే వరస. పొద్దున్న ఆఫీసు తెరవగానే వచ్చి కూర్చునేది, మూసేవేళకి నేను తీసుకెళ్ళేదాన్ని. నడవలో చలిగా ఉంటుందని మామయ్య ఖాకీ కోటు కప్పుకునేది. నిబంధనగారు అటుగా వెళితే, "వస్తానన్నారు బాబూ, దార్లో ఉన్నారు" అనేది నెమ్మదిగా. ఆయన మొదట్లో నవ్వాడట. తర్వాత నవ్వు తగ్గింది. ఆ తర్వాత టీ తాగడానికి చుట్టుదారిన వెళ్ళడం మొదలుపెట్టాడు.

ఆపరేషన్ రేపనగా... ఆ సాయంత్రం వాన పట్టుకుంది.

నా కొట్టులోకి నీళ్ళొస్తుంటే కాగితాల కట్టలు పైకి సర్దుకోవడంలో పడి, నేను వేళకి వెళ్ళలేకపోయాను. ఎదురుగా వాచ్‌మన్, దీపాలు పెట్టీపెట్టకముందే ఆఫీసుకి తాళం వేసేశాడు. లోపల ఎవరైనా ఉన్నారా అని చూసే అలవాటు అతనికి లేదు. చూడాలంటే నడవ చివరిదాకా వెళ్ళాలి మరి. ఆఫీసు చీకటిగా ఉంది కాబట్టి అత్తయ్య ఇంటికెళ్ళిపోయి ఉంటుందనుకున్నాను.

ఇక్కణ్ణుంచి నిబంధనగారు చెప్పింది. మర్నాడు పొద్దున్నే, నా కొట్టు ముందు స్టూలు మీద కూలబడి, గ్లాసుడు నీళ్ళు తాగి చెప్పాడు.

తనిఖీకి పైఅధికారులు వస్తున్నారని ఒక పాత రిజిస్టర్ కోసం ఆయన, బెంచీ వంక తలెత్తి చూడకుండా, రికార్డు గదిలోకి వెళ్ళాడు. దెయ్యాల మీద ఆయనకి నమ్మకం లేదు. నిబంధనల్లో వాటి ప్రస్తావన లేదు కాబట్టి.

చేతిలో రిజిస్టర్ తీసుకున్నాడో లేదో... కరెంటు పోయింది.

ఫోను బల్లమీద ఛార్జింగ్‌లో ఉంది. గోడ పట్టుకుని నిలబడ్డాడు. బయట వాన... లోపల చీకటి... కాళ్ళకింద గచ్చు మధ్యకి లాగుతున్నట్టు వాలుగా...

టక్.

కిటికీ రెక్క అనుకున్నాడు.

టక్... టక్...

కిటికీ రెక్క అలా లెక్కపెట్టినట్టు కొట్టుకోదు.

"ఎ... ఎవరు?"

ఏదో నేలమీద ఈడ్చుకుంటూ వస్తున్న చప్పుడు... గుమ్మందాకా వచ్చి ఆగింది.

అప్పుడే మెరిసింది.

గుమ్మంలో ఖాకీ కోటు! తలమీదుగా కప్పుకున్న ఖాకీ కోటు... భుజానికి సంచీ... మొహం ఉండాల్సిన చోట చీకటి. మెరుపు పోయింది. ఆ చీకట్లోంచి, బొంగురుపోయిన గొంతు, గుసగుసగా –

"సంతకం పెట్టాలన్నారుగా... వచ్చాను."

నిబంధనగారి పైప్రాణాలు పైనే పోయాయి. కానీ ఏళ్ళ తరబడి చేసిన ఉద్యోగం ఉందే, అది ప్రాణం కంటే గట్టిది. నాలుక పిడచకట్టుకుపోతున్నా నోటినుంచి వచ్చిన మాట ఏమిటో తెలుసా?

"అ... అర్జీ తెచ్చారా?"

చల్లటి వేళ్ళు ఆయన చేతిలో కాగితం పెట్టాయి. ఆయన జేబులోంచి కలం తీసి ఇచ్చాడు. సంతకం ఎక్కడ పెట్టాలో చీకట్లోనే వేలు పెట్టి చూపించాడు. ఎన్నివేలసార్లు చూపించిన చోటు! కలం గీరిన చప్పుడైంది. జేబులోంచి ముద్ర తీసి ధడ్‌మని కొట్టాడు.

"అయిపోయింది... ఇక మీరు... దయచెయ్యండి..."

అప్పుడు, సరిగ్గా ఆయన చెవి పక్కన...

టక్!

చేతిలో కాగితం చిన్నగా అదిరింది. అంతే, ఆయన పరిగెత్తాడు. వీధి తలుపుకి బయట తాళం. రెండు చేతులతో బాదాడు. బయటున్న వాచ్‌మన్ ఆ బాదుడు విని, ఇన్నాళ్ళకి ఆ గదిలో దెయ్యాలు తలుపుదాకా వచ్చాయనుకుని, వానలో పడి అటు పరిగెత్తాడు. చివరికి నిబంధనగారు ఏ నిబంధనలోనూ లేని విధంగా మరుగుదొడ్డి కిటికీలోంచి దూకి ఇల్లు చేరాడు. కాగితం మాత్రం వదల్లేదు.

"ఇదిగో," అని ఆ అర్జీ నా ముందు పెట్టాడు. "ఫైలుకి నకళ్ళు కావాలి."

సంతకం చూశాను. మా అత్తయ్యది! వంకర టింకరగా, గీత దాటిపోయి, అచ్చంగా ఆవిడదే. అప్పుడు నాకు సంగతంతా అర్థమైంది. తాళం పడ్డప్పుడు అత్తయ్య లోపలే ఉండిపోయిందన్నమాట! నవ్వు పొంగుకొస్తుంటే మిషను వైపు తిరిగాను.

"సంతకం ఆవిడదే కదండీ. మరి చెల్లుతుందా?" అన్నాను అమాయకంగా.

"రాత్రంతా అదే ఆలోచించాను" అన్నాడాయన చాలా గంభీరంగా. "సవరణకి ముందు అది తప్పుడు సంతకం. కానీ సవరణ అయ్యాక సమాచారం ఇచ్చింది ఆవిడే అవుతుంది కదా? అప్పుడు అదే సరైన సంతకం. ముద్ర పడింది కాబట్టి సవరణ అయినట్టే. నిబంధన ప్రకారం అంతా సవ్యంగా ఉంది."

"మరి రాత్రి వచ్చింది ఎవరంటారు?"

"ఎవరైతేనేం అమ్మాయ్. రికార్డు ప్రకారం ఆవిడ పోయింది, వాస్తవం ప్రకారం ఆయన పోయాడు. ఇద్దర్లో ఎవరొచ్చినా దెయ్యమే."

నకళ్ళు తీశాను. ప్రతి నకలు మీదా కుడివైపు పైమూలన ఒక నల్లచుక్క పడింది. అద్దం తుడిచి మళ్ళీ తీశాను. మళ్ళీ చుక్క. నా మిషను మూత మసిబారి ఉంటుంది, కాగితానికి చిల్లుంటే నల్లగా పడుతుంది. అర్జీ ఎత్తి వెలుతుర్లో పెట్టి చూస్తే నిజంగానే చిల్లు... చిన్నది, గుండ్రంగా. అత్తయ్య మామయ్య పంచ్ కూడా వెంట తెచ్చుకుందన్నమాట, అమ్మ దొంగా అనుకున్నాను.

ఆ గంటలోనే కొత్త ధ్రువపత్రం చేతికొచ్చింది. అందులో మామయ్య తన చోట తాను చనిపోయి ఉన్నాడు, అత్తయ్య తన చోట తాను బతికి ఉంది. దాన్ని పట్టుకుని, ఇంట్లో ఉన్న అత్తయ్యని ఎక్కించుకుని, ఆటోలో ఆసుపత్రికి పరిగెత్తాం. దార్లో అడుగుదామంటే అత్తయ్య భయంతో కళ్ళు మూసుకుని కూర్చుంది. కదిలించబుద్ధి కాలేదు. నర్సు కంప్యూటర్లో కొట్టి, "బతికారమ్మా" అని నవ్వింది. కుడికన్ను దక్కింది.

కట్టు విప్పి, డాక్టరు మిషను తొక్కొచ్చని చెప్పిన రోజున అత్తయ్య ఇంటికి వెళ్ళాను. కిటికీ పక్కన కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది. సాయంత్రమవుతోంది. సూది పైకెత్తి పట్టుకుని, దారం కొస నోట్లో తడిచేసి, ఎవరినీ పిలవకుండా తనే ఎక్కించింది. మొదటిసారికే ఎక్కింది. నాకు చెప్పలేనంత సంతోషమేసింది.

"మొత్తానికి ఆ రాత్రి నిబంధనగారి గుండె ఆపేశావు కదత్తయ్యా!" అన్నాను.

"నేనేం చేశానే?" అంది. "కూర్చుని కునుకు తీశాను. లేచేసరికి ఎవరూ లేరు. నాకు చీకటైనా వెలుతురైనా ఒకటే కదా అప్పుడు. పైకప్పు కారుతుంటే కోటు తలమీదుగా లాక్కున్నాను. గొంతు కూడా పట్టేసింది. లోపల ఎవరో ఉన్నట్టుంటే, కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళి, సంతకం నేనే పెడతాను బాబూ, ఇక ఆయన కోసం చూడొద్దు అని చెబుదామనుకున్నా. సగం చెప్పేలోపే కలం చేతికిచ్చాడు. పెట్టాను. ఎందుకో పారిపోయాడు, పిచ్చాడు. నేను గోడ పట్టుకుని వెళ్ళి వెనక తలుపు గడియ తీసుకుని ఇంటికొచ్చాను."

నాకు కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వొచ్చింది. "అదంతా సరే. మామయ్య పంచ్ ఆడించావు చూడు, దాంతోనే సగం చచ్చాడు!"

అత్తయ్య చెయ్యి ఆగింది.

"ఏ పంచే?"

"మామయ్యదే. టక్ టక్ మని..."

"అది నా దగ్గరెక్కడిదే? ఆయన పోగానే డిపోవాళ్ళు సంచీతో సహా అప్పజెప్పమంటే ఇచ్చేశాం కదా. నా భుజాన ఉన్నది కూరల సంచీ. పంచ్ ముట్టిందని డిపోవాళ్ళిచ్చిన రశీదు జిరాక్సు తీసింది నువ్వే."

అవును. తీసింది నేనే.

"మరి... ఆ చప్పుడు..." అన్నాను.

"విన్నానే నేను కూడా," అంది అత్తయ్య నెమ్మదిగా. "ఆ గుమాస్తా ఏదో ఫైలుకి చిల్లులు పొడుచుకుంటున్నాడనుకున్నాను."

నేను ఆ అర్జీ సంగతి చెప్పాను... మూలన ఉన్న చిల్లు సంగతి.

"ఏ మూలన?"

"కుడివైపు... పైన."

అత్తయ్య కిటికీలోంచి బయటికి చూసింది. చూపు వచ్చాక ఆవిడ అంత దూరం చూడటం అదే మొదటిసారి అనుకుంటాను. "ఏడవొద్దన్నాడే డాక్టరు," అని కొత్తకన్ను కొంగుతో అద్దుకుంది. "వస్తావా రావా అని రోజూ ఆ బెంచీ మీద కూర్చుని తిట్టుకున్నాను. వచ్చాడే. ఎప్పట్లాగే లాస్టు ట్రిప్పులో వచ్చాడు."

తర్వాత ముక్కు చీది, గుడ్డని మిషను కింద సర్దుకుని, నా వైపు తిరిగి నవ్వింది.

"చిల్లు పొడిచాడుగా! ఇక నన్ను మధ్యలో దింపే మొనగాడెవడే?"

మిషను తొక్కడం మొదలుపెట్టింది. నేను లేచి ఇంట్లో లైట్లన్నీ వేశాను.